గోలెంల పరకలు బతకాలంటే



పోయిన నెల గాలానికి బెండు ఎట్ల కట్టుకోవాలో రాసిన. అది చదివి మా గల్లీ వాళ్లు ఇద్దరు, పక్క చాళ్ నుంచి ఒక పిల్లగాడు మా ఇంటికి వచ్చిండ్రు. ముగ్గురూ ఒక్కటే మాట అడిగిండ్రు. "కాకా, బెండు సరే. ఐతారం నాడు పట్టి తెచ్చిన పరకలు సోమారం పొద్దటికే తెల్లగ తేలుతున్నయి. మళ్ల ఐతారం దాక వాటిని ఎట్ల బతికించాలె?"

నిలబడి చెప్తే పావుగంటల అయిపోయే ముచ్చట ఇది. కానీ ఈ పరకల గోలెం కాడ నేను నేర్చుకున్నది ఒక్క చేపల సంగతే కాదు. అందుకే ఈ నెల దీని గురించే రాస్తున్న. ముందు పని చెప్త, వెనుక కథ చెప్త.

గాలం సంగతి తెలియనోళ్లకు రెండు మాటలు. మనం కొర్రమట్ట అంటం, ఇక్కడి మరాఠీ వాళ్లు మరళ్ అంటరు. మన తాతలు బయలుదేరి వచ్చిన తెలంగాణల సర్కారు దీన్నే రాష్ట్రం చేపగ పెట్టుకున్నది. నీళ్ల మీదికి వచ్చి నోటితో గాలి మింగే చేప ఇది. అందుకే నీళ్లు తగ్గిన బురదల కూడ బతుకుతది. బజారుకు బతికున్నది తీసుకపోతే ధర మంచిగ పలుకుతది. కానీ దీనికి పొగరెక్కువ. చచ్చిన ఎర ముందట వేస్తే మూతి తిప్పుకొని పోతది. కదిలేది కావాలె, మెరిసేది కావాలె. వీపు మీది రెక్క కింద, నడుమెముకకు తగలకుండ గాలం గుచ్చిన పరక నీళ్లల్ల తప్పించుకోవాలని కొట్టుకుంటె అప్పుడు వస్తది కొర్రమట్ట.

మరి ఆ పరకలు ఎప్పుడంటే అప్పుడు దొరకవు. నేను పోయేది హిప్పర్గా చెరువుకు. కాగితాలల్ల దాని పేరు ఏక్రూక్ చెరువు, ఇంగ్లీషు వాళ్ల కాలంల కట్టిన కట్ట, 150 ఏండ్లు దాటినది. వానకాలంల ఒడ్డుపొంటి దోమతెర గుడ్డ ముంచితే చాలు, పరకలు గుప్పెడు గుప్పెడు వస్తయి. ఎండకాలంల నీళ్లు లోపలికి జరిగితయి. రెండు గంటలు బురదల తిరిగినా పది దొరకవు. అందుకని దొరికిన నాడు ఎక్కువ పట్టి ఇంట్ల పెట్టుకుంటం. ఒక మాట, చెరువు ఠేకా ఎవరిదో వాళ్లను అడిగే గాలం వేయాలె, పరకలు పట్టాలె. మనం దొంగలం కాదు.

మిల్లు భోంగా ఆగిపోయినంక మూడేండ్లు నాకు జీతం లేదు. మా ఆమె చుట్టే బీడీలు, నా గాలం, ఈ రెండిటి మీదనే ఇల్లు నడిచింది. అప్పుడు పరక చచ్చిందంటే సరదా పోయిందని కాదు, ఆ వారం నూనె పోయిందని లెక్క. అట్ల నేర్చుకున్న పని ఇది.

ఇగ పనిలకు వస్త.

మొదటిది నీళ్లు. నేను మొదటిసారి 40 పరకలు తెచ్చి ఇత్తడి బిందెల వేసి, అప్పుడే వచ్చిన నల్ల నీళ్లు నిండ పోసిన. గంట తిరగకముందే సగం బోర్లపడ్డయి. పొద్దుగూకేటాళ్లకు ఒక్కటి మిగలలే. నవ్వొచ్చే మాట ఏందంటే నేను మిల్లుల 26 ఏండ్లు పనిచేసింది బ్లీచింగ్ ఖాతాలనే. క్లోరిన్ అంటే ఏందో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? గుడ్డను తెల్లగ చేసేటందుకు బ్లీచింగ్ పెట్టినంక క్లోరిన్ లోపల మిగిలితే నూలు పసుపుబారుతది, బలం పోయి పీలికలైతది. అందుకని గుడ్డను కడిగి హైపో కలిపిన నీళ్లల్ల ముంచేది. హైపో క్లోరిన్‌ను చంపుతది. నల్ల నీళ్లల్ల క్రిములు చావాలని కలిపేది కూడ ఆ క్లోరినే. మనకు కొంచెం వాసన వస్తది, అంతే. పరకకు దాని మొప్పలు కాలిపోతయి. 26 ఏండ్లు గుడ్డకు చేసిన పని పరకకు చెయ్యాలని నాకు తోచలే.

కాబట్టి నల్ల నీళ్లు పట్టి మూత లేకుండ వెడల్పు తొట్టిల ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలె. ఎండ తగిలితే ఇంకా మంచిది. క్లోరిన్ గాలిల పోతది. ఆగేటంత టైము లేకపోతే రంగుచేపలు అమ్మే దుకాణంల హైపో గడ్డలు దొరుకుతయి, పటికబెల్లం లెక్క కనపడతయి. 10 లీటర్లకు కందిగింజంత ముక్క ఒక్కటి చాలు. కరిగినంక బాగ కలిపి అప్పుడు చేపలు వేయాలె. బోరు నీళ్లైతే క్లోరిన్ ఉండదు, కానీ అప్పుడే తోడిన బోరు నీళ్లల్ల గాలి తక్కువ ఉంటది. రెండు బకెట్ల మధ్య నాలుగుసార్లు ఎత్తిపోసి వాడుకోవాలె.

మన షోలాపూర్ల నల్ల రోజూ రాదని మీకు చెప్పే పని లేదు. ఉజనీ నుంచి పైపుల వచ్చే నీళ్ల కోసం మూడు నాలుగు రోజులు ఎదురుచూసే ఇంట్ల పరకలకని ఒక బకెట్ పక్కకు పెడితే ఆడవాళ్లు ఊరుకోరు. మా ఆమె కూడ ఊరుకోలే. "మనుషులకు స్నానానికి లేవు, నీ చేపలకు కావాలెనా?" అన్నది. అప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నం. గోలెంల నుంచి తీసిన పాత నీళ్లు పారబోయొద్దు. కరివేపాకు చెట్టుకు, మందార చెట్టుకు పోయాలె. చేపల నీళ్లు చెట్టుకు ఎరువు. ఇప్పుడు మా కరివేపాకు కోసం నాలుగిండ్ల వాళ్లు వస్తరు.

రెండోది పాత్ర. ఇత్తడి, రాగి వద్దే వద్దు. ఆ లోహం కొంచెం కొంచెం నీళ్లల్ల దిగి పరకను చంపుతది. జింకు పూసిన రేకు బకెట్ కూడ వద్దు. సబ్బు నీళ్లు పోసిన టబ్బు ఎన్నిసార్లు కడిగినా నమ్మొద్దు. కొత్త సిమెంటు తొట్టి అయితే సున్నం ఊరుతది. పది పదిహేను రోజులు నీళ్లు నింపి, రెండు రోజులకోసారి పారబోసి, అప్పుడు వాడాలె. అన్నిటికంటే మంచిది మట్టి గోలెం. పైనుంచి చెమ్మ ఊరి నీళ్లు చల్లగ ఉంటయి. మట్టిది దొరకకపోతే ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగ కోసి సగం వాడుకోవాలె. ఎందుకు కోయాలె అంటే పరక పీల్చే గాలి నీళ్లకు పైనుంచే దిగుతది. ఇరుకు మూతి లోతు డ్రమ్ముల 100 లీటర్లు ఉన్నా గాలి దిగేటందుకు జాగ లేదు. వెడల్పు గోలెంల 50 లీటర్లే ఉన్నా మీద జాగ ఎక్కువ. లోతు చూసి మోసపోవద్దు, వెడల్పు చూడాలె.

మూడోది లెక్క. అందరూ తప్పు చేసేది ఇక్కడనే. దొరికినయి కదా అని అన్నీ ఒక్కదాంట్ల కుక్కుతరు. నేను నా అనుభవంల పెట్టుకున్న లెక్క ఇది: రెండు అంగుళాల పరక ఒక్కదానికి 2 లీటర్ల నీళ్లు. 50 లీటర్ల గోలెంకు 25 మించొద్దు. ఎండకాలంల 15 చాలు. ఎందుకంటే నీళ్లు వేడెక్కితే వాటిల గాలి తగ్గుతది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాక ఆక్సిజన్ పట్టి ఉంచుతయి, 30 డిగ్రీలైతే ఏడున్నరకు పడిపోతది. ఈ లెక్క మా కొడుకు చదివి చెప్పిండు. ఇట్ల నీళ్లల్ల గాలి తగ్గేటప్పుడే వేడికి పరక ఒళ్లు కూడ తొందర తొందరగ పనిచేస్తది, ఎక్కువ గాలి అడుగుతది. రెండు దిక్కుల దెబ్బ. 60 పరకలు వేసి 60 చచ్చుడు కంటే 20 వేసి 20 గాలానికి పెట్టుకునుడు మేలు.

పరకకు గాలి చాలకపోతే అది మనకు చెప్తది. గుంపంత మీదికి వచ్చి నోరు నీళ్ల మీద పెట్టి గుటకలు వేస్తది. మొప్పలు టపటప కొట్టుకుంటయి. కొర్రమట్ట మీదికి వచ్చి గాలి మింగితే అది దాని గుణం. పరక మీదికి వచ్చి మింగితే అది ఆపద. అప్పుడు తిండి ఆపాలె. సగం చేపలను వేరే తొట్టిలకు తీయాలె. చెంబుతో నీళ్లు ముంచి రెండు మూరల ఎత్తు నుంచి సన్నగ పోస్తుండాలె. రంగుచేపల దుకాణంల చిన్న గాలి పంపు దొరుకుతది, ఉన్నోళ్లు పెట్టుకోవచ్చు. కరెంటు పోయిన రాత్రి మాత్రం మళ్ల చెంబే దిక్కు.

ఎండల నుంచి కాపాడేటందుకు గోలెం చుట్టు తడి గోనె సంచి చుట్టాలె. వేపచెట్టు నీడ ఉంటే అక్కడ పెట్టాలె. మీద దోమతెర గుడ్డ కట్టాలె. పిల్లి రాదు, పరక ఎగిరి బయట పడదు. నీళ్లల్ల దోమపిల్లలు ఉంటే భయం లేదు, పరకలే తింటయి. గోలెంల పరకలు లేని వారం మాత్రం నీళ్లు ఖాళీ చేసి బోర్లించాలె. లేకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టు.

నాలుగోది తిండి. ఆకలికి చచ్చిన పరకను నేను చూడలే, తిండి ఎక్కువై చచ్చినయి మస్తు చూసిన. తినంగ మిగిలిన అన్నం మెతుకు, రొట్టె ముక్క అడుగుకు పోయి కుళ్లుతది. అదీ, పరకల రెట్టా కలిసి నీళ్లను విషం చేస్తయి. రోజుకు ఒక్కసారి, రెండు వేళ్లకు వచ్చేటంత పల్లీల చెక్క పొడి, తవుడు కలిపి చల్లాలె. ఐదు నిమిషాలల్ల తిన్నంతే. మిగిలితే గుడ్డతో తీసెయ్యాలె. చెరువుకు తీసుకపోయే ముందు రోజు అసలే పెట్టొద్దు. కడుపు ఖాళీగ ఉంటే దారిల నీళ్లు పాడుకావు.

రెండు రోజులకోసారి మూడోవంతు నీళ్లు అడుగు నుంచి తీసి అంతే కొత్త నీళ్లు పోయాలె. మొత్తం ఒక్కసారి మార్చొద్దు. కొత్త నీళ్లు కూడ గోలెం పక్కనే ఉంచినయై ఉండాలె, వేడి చల్లన ఒక్కతీరు ఉండాలె. చెరువు నుంచి తెచ్చిన నాడు కూడ అంతే. తెచ్చిన సంచిని గోలెం నీళ్ల మీద పావుగంట తేలేసి, కొంచెం కొంచెం గోలెం నీళ్లు కలిపి, అప్పుడు వదలాలె. ముట్టుకునేటప్పుడు చేయి తడిగ ఉండాలె. పరక ఒంటి మీద జిగురు ఉంటది, అది దాని అంగి. పొడి చేత్తో పట్టితే ఆ అంగి ఊడుతది, తెల్లారేటాళ్లకు అక్కడ దూది లెక్క బూజు లేస్తది. తెచ్చిన రోజు 10 లీటర్లకు ఒక పెద్ద చెంచాడు దొడ్డుప్పు కరిగించి పోస్తే బెదురు తగ్గుతది. బూజు పట్టినదాన్ని, ఒంటరిగ మూలకు నిలబడ్డదాన్ని వెంటనే వేరు చేయాలె.

ఇంకొక్క మాట. మిగిలిన పరకలను కనపడ్డ ప్రతి నీళ్లల్ల వదలొద్దు. ఏ చెరువుల పట్టినవో ఆ చెరువులనే వదలాలె, లేకపోతే కరివేపాకు కింద పాతిపెట్టాలె. మన దేశానికి చిలాపీని తెచ్చింది 1952ల. ఎవరో ఒకరు ఒక చెరువు నుంచి ఇంకొక చెరువుకు వేసుకుంటపోయిండ్రు. ఇప్పుడు ఉజనీల గాలం వేస్తే ముందుగాల అదే పడుతది.

పని ఇంతే. ఇగ కథ.

అటు మొన్నటి ఎండకాలం. వేపచెట్టు కొమ్మ విరిగి నీడ పోయింది. గోలెంను వాకిట్ల నుంచి వరండాలకు జరిపిన. వరండా అంటే మా ఆమె బీడీలు చుట్టే జాగ. నీడ ఉన్నది, గాలి ఉన్నది, నా కండ్ల ముందట ఉంటది అనుకున్న. 22 పరకలు. నాలుగు రోజులు గట్టిగ ఉన్నయి. శనివారం పొద్దున మా ఆమె తంబాకు జల్లించి, కిందికి పడ్డ సన్నపొడిని కాగితంల పొట్లం లెక్క మడిచి, గోలెం మీది గోడ గూట్లె పెట్టింది. మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. మేము లోపల తలుపు వేసుకొని ఉన్నం. దుమారం తగ్గి బయటికి వచ్చి చూస్తే పొట్లం లేదు. పొడంత గోలెంల ఉన్నది, గుప్పెడుండొచ్చు. నీళ్లు పలచటి చాయ రంగు తిరిగినయి. పరకలు వంకరటింకర ఈదుతున్నయి, పక్కకు ఒరుగుతున్నయి. గబగబ తీసి మంచినీళ్లల్ల వేసిన, చెంబుతో పోసిన. పొద్దుగూకేటాళ్లకు 22ల 22 పోయినయి.

తంబాకు చేపలకు విషమని నాకు తెలుసు. చేపల చెరువు సాగు చేసేవాళ్లు అక్కరకురాని చేపలను చంపేటందుకు తంబాకు చెత్త చల్లుతరు. తెలిసి కూడ గోలెంను అక్కడ పెట్టింది నేను. కానీ కోపం వస్తే మనిషి తన తప్పు చూసుకోడు కదా. "తంబాకు గూట్లె పెట్టొద్దని తెలియదా? రేపటి ఐతారం పోయింది!" అని గట్టిగనే ఒర్లిన. పక్కింటోళ్లు కూడ విన్నరు.

ఆమె ఎదురు అరవలే. ఒళ్లోని చాట కింద పెట్టింది. దగ్గొచ్చింది, దగ్గింది. కొంగుతో మూతి తుడుసుకొని అన్నది: "గుప్పెడు పొడికి నీ పరకలు పొద్దుగూకే దాక ఆగలేదు. నేను ముప్పై ఏండ్ల సంది ఇదే దుమ్ముల కూసుంటున్న. నా కోసం ఒక్కనాడన్న గిట్ల ఉరికినవా?"

నా నోట మాట రాలే.

ఆ రాత్రి నిద్ర పట్టలే. పక్కన ఆమె ఊపిరి వినపడుతున్నది. పీల్చినప్పుడు సన్నగ పిల్లి కూసినట్టు వస్తున్నది. ఆ చప్పుడు కొత్తది కాదు. ఎన్నేండ్ల సంది వస్తున్నదో నాకు గుర్తులేదు. గోలెం ముందట కూసోని పరక మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నయో లెక్కపెట్టేటోన్ని, ఈ చప్పుడును మాత్రం చలికాలం అని, వానకాలం అని, వయసు అని తీసేసిన.

మా అన్న యాదికొచ్చిండు. అన్న మిల్లుల కార్డింగ్ ఖాతాల పనిచేసేది. పత్తి దువ్వే ఖాతా. అక్కడ గాలిల దూది పొగమంచు లెక్క తేలేది, మనిషి రెప్పల మీద తెల్లగ పేరుకునేది. అన్నకు ఐతారం సెలవంత మంచిగ ఉండేది. సోమారం పాళీకి పోయినంక ఛాతి పట్టేసేది, ఊపిరి అందేది కాదు. బుధవారం వచ్చేటాళ్లకు కొంచెం సర్దుకునేది. మళ్ల సోమారం అదే కథ. "ఐతారం తాగిండు, సోమారం వేషం వేస్తుండు" అని తోటోళ్లు నవ్వేది. నేను కూడ నవ్విన, దాచుకునుడెందుకు? అది తాగుడు కాదు. పత్తి దుమ్ముతోని వచ్చే రోగం, సోమారం ఎక్కువగుడే దాని గుర్తు. దానికి బిసినోసిస్ అని డాక్టర్లు పెట్టిన పేరు ఉన్నది. ఆ పేరు మాకు తెలిసేటాళ్లకు అన్న రెండు మెట్లెక్కి కూలబడే కాడికి వచ్చిండు. పోయేముందు నెలరోజులు కూసోనే నిద్రపోయిండు, పండుకుంటె ఊపిరి ఆడకపోయేది. నోరు తెరిచి, మెడ పైకెత్తి. ఆ గుటకలు నేను గోలెంల ఎన్నిసార్లు చూసిన్నో.

సోమారం పొద్దున్నే ఆమె బీడీ కార్డు తీసుకొని బీడీ కార్మికుల దవాఖానకు పోయినం. అక్కడ చూసి పెద్ద దవాఖానకు రాసిచ్చిండ్రు. గొట్టంల ఊదించి చూసిండ్రు, ఛాతి ఫొటో తీసిండ్రు, తెమడ పరీక్ష చేసిండ్రు. టీబీ కాదన్నరు, మనసు కొంచెం నిమ్మళమైంది. దుమ్ముకు ఊపిరి గొట్టాలు ముడుచుకున్నయి, పీల్చే మందు రోజూ వాడాలె, దుమ్ముకు దూరం ఉండాలె అన్నరు. "ఇంకా ముందు వస్తే బాగుండేది" అని డాక్టరమ్మ నా దిక్కు చూసి అన్నది. ఆమె దిక్కు చూసి కాదు.

దుమ్ముకు దూరం ఉండుమని చెప్పుడు అల్క. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి ఇచ్చే పనిల దూరం ఎట్ల ఉంటరు? నా పింఛన్‌తోని ఇల్లు నడవదు. "మానెయ్" అని నేను అన్న. "మానేసి ఏం తిందాం, నీ పరకలా?" అన్నది. ఆఖరుకు ఇట్ల చేసుకున్నం. తంబాకు ఇంట్ల జల్లించుడు బంద్. వాకిట్ల, గాలి మన మీదికి కాకుండ అవతలికి పోయే దిక్కు కూసోని, ముక్కు నోరు మూసేటట్టు గుడ్డ కట్టుకొని జల్లించాలె. ఆ పని ఇప్పుడు నేను చేస్త. ఆకు కత్తిరించుడు కూడ నేనే. మొదట్ల నేను కత్తిరించిన ఆకు చూసి గల్లీ ఆడవాళ్లు నవ్విండ్రు, ఇప్పుడు నవ్వుతలేరు. తంబాకు మూత డబ్బాల ఉంటది, గూట్లె కాదు. పిల్లలు పండుకునే అర్రల బీడీల చాట పెట్టేది లేదు. చేతులు సబ్బుతో కడుగకుండ రొట్టె పిండి ముట్టేది లేదు. రోజుకు వెయ్యి చుట్టేటామె ఇప్పుడు ఆరు వందలు చుడుతది. ఆ తగ్గిన నాలుగు వందల లోటును నేను ఐతారం ఐతారం చెరువు కాడ పూడుస్త. పడ్డ వారం పడుతది, పడని వారం పడదు.

దగ్గు మొత్తం పోలే. పోదని కూడ డాక్టరమ్మ చెప్పింది. కానీ రాత్రి ఆ పిల్లికూత తగ్గింది. మెట్లెక్కి మిద్దె మీద వడియాలు పెట్టి వస్తున్నది.

గోలెం మళ్ల వాకిట్లకే పోయింది. వేపచెట్టుకు కొత్త కొమ్మ వచ్చేదాక నాలుగు కట్టెలు పాతి గోనె పందిరి వేసిన. దాని బాధ్యత ఇప్పుడు మా మనుమనిది. బడి నుంచి రాంగనే ముందుగాల గోలెం మీద వంగుతడు. "తాతా, 18 ఉన్నయి, ఒక్కటి కూడ మీదికి వస్తలేదు" అని లెక్క చెప్తడు. తర్వాత లోపలికి పోయి, "నాయనమ్మా, మందు పీల్చినవా?" అని అడుగుతడు. ఆమె పీల్చినా "మరిచిపోయిన బిడ్డా" అని అబద్ధం ఆడుతది, వాడు డబ్బి తెచ్చి ఇయ్యాలని.

నన్ను అడిగిన ఆ పిల్లగానికి, చదివే మీకు నేను చెప్పేది ఇదే. గోలెంను రోజుకు రెండుసార్లు చూడండి. పొద్దున లేవంగనే ఒకసారి, పొద్దుగూకేముందు ఒకసారి. తెల్లారుజామున నీళ్లల్ల గాలి అన్నిటికంటె తక్కువ ఉంటది, ఆపద ఉంటే అప్పుడే కనపడుతది. పరక మీదికి వచ్చి గుటక వేస్తే ఆలస్యం చేయకండి. మన ఇండ్లల్ల చాన మంది బీడీలు చుడుతరు, చాన మంది కార్డింగుల, రింగుల, పవర్‌లూముల దుమ్ము తిన్నోళ్లే. రాత్రి దగ్గు వినపడితే, మెట్టెక్కి ఆగితే, సోమారం ఛాతి పట్టితే అప్పుడు కూడ ఆలస్యం చేయకండి. బీడీ కార్డు ఉన్నోళ్లు దాన్ని పెట్టె అడుగున దాచకండి, దవాఖానకు తీసుకపోండి.

వచ్చే నెలకు వానలు పడతయి. కొర్రమట్ట ఎర్రటి పిల్లల గుంపును వెంటేసుకొని ఒడ్డుకు వస్తది. అప్పుడు దాని ముందట గాలం ఎందుకు వేయొద్దో చెప్త. అప్పటిదాక పరకలు తక్కువ పెట్టుకోండి, నీళ్లు ముందుగాల పట్టి పెట్టుకోండి.

ఉంట.